సూది ఎక్కడ గుచ్చాలి, ఎన్నాళ్ళకు గుచ్చాలి

(చెన్నైలో ఒక తెలుగు సంఘం ఆదివారం సాయంత్రం జరిపిన సభలో, పదవీ విరమణ చేసిన మైక్రోబయాలజీ ఆచార్యురాలు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం ఇటు జరుపు నాయనా. ఆఁ, చాలు.

కరపత్రంలో "ఎయిడ్స్‌కు టీకా వచ్చేసిందా?" అని వేశారు. ఒక్క ముక్కలో జవాబు: రాలేదు. ఇక కాఫీ తాగి వెళ్ళిపోవచ్చు. (నవ్వులు) ఎందుకు రాలేదన్నది మాత్రం పెద్ద కథ. అందులో నేను ఒక కొసే పట్టుకుంటాను. సీసాలో ఏముందని అందరూ అడుగుతారు. దాన్ని ఒంట్లో ఎక్కడ వేశారు, ఎన్నాళ్ళ ఎడంతో వేశారు, దేని తరవాత దేన్ని వేశారు అని అడిగేవాళ్ళు తక్కువ. ఎయిడ్స్ తెచ్చే వైరస్ హెచ్‌ఐవీ దగ్గరికొచ్చేసరికి మమ్మల్ని ఏడిపించుకు తింటున్నవి ఆ ప్రశ్నలే.

నాకు ఏడేళ్ళప్పుడు నెల్లూరులో కుక్క కరిచింది. పిక్క పట్టుకుంది. మర్నాటి నుంచి రోజూ ఆసుపత్రికి తీసుకెళ్ళి బొడ్డు చుట్టూ సూదులు, మొత్తం 14. మా అవ్వ కాంపౌండర్‌ని నిలబెట్టి అడిగింది: "కుక్క కరిచింది కాలు కదయ్యా, పొట్ట నిన్నేం చేసింది?" ఆయన దగ్గర సమాధానం లేదు. ఇప్పుడు నేను చెప్పగలను. అది గొర్రె మెదడుతో చేసిన టీకా. పట్టించాల్సిన మందు ఎక్కువ, అంత మందు పట్టే చోటు పొట్ట తోలు కింద ఉంది. అంతకుమించి శాస్త్రం ఏమీ లేదు! ఆ టీకాను మన దేశంలో 2004 చివరికి ఆపేశారు. ఇవాళ కుక్క కరిస్తే రెండు భుజాలకూ తోలు పొరలోకి 0.1 మిల్లీలీటరు చొప్పున, నాలుగుసార్లు వెళ్తే అయిపోతుంది. 0వ రోజు, 3, 7, 28. మందు మంచిదయింది, నిజమే. చోటు కూడా మారింది. కండలో వేసే మోతాదులో చిన్న పాలు చర్మంలో వేస్తే సరిపోతోంది.

ఎందుకంటే చర్మం కాపలావాళ్ళతో నిండి ఉంటుంది. బయటి నుంచి ఏదొచ్చినా పట్టుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి మోసుకెళ్ళే కణాలు అక్కడ దండిగా ఉన్నాయి. కండలో అంతమంది లేరు. పోలియో సూది మందు కూడా అంతే, కండకి వేస్తే అర మిల్లీలీటరు, చర్మంలో వేస్తే అందులో ఐదో వంతు. 2016లో ప్రపంచమంతా ఆ మందుకు కరువొచ్చినప్పుడు మన ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు పిల్లలకు ఈ ఐదో వంతు పద్ధతే పెట్టారు.

లింఫ్ గ్రంథి అన్నాను కదా. మనవాళ్ళకు అది కొత్త సంగతేమీ కాదు. కాలికి దెబ్బ తగిలి చీము పడితే ఏమంటాం? "గజ్జల్లో బిళ్ళ కట్టింది" అంటాం. చేతికి తగిలితే చంకలో కడుతుంది. పంటికి వస్తే దవడ కింద. ఆ బిళ్ళే లింఫ్ గ్రంథి. ఏ చోటి గొడవ ఆ పేట బిళ్ళలోనే తేలాలి. భుజానికి టీకా వేయించుకుంటే చంకలో బిళ్ళ మేలుకుంటుంది. గజ్జల్లో బిళ్ళకు ఆ కబురు అందదు.

ఇంకో సంగతి వినండి, నాకు చాలా ఇష్టమైనది. ఆ బిళ్ళలో తయారైన కణం బయటికి వచ్చేటప్పుడు దాని ఒంటి మీద ఒక చిరునామా చీటీ అంటిస్తారు. పేగుల దగ్గరి బిళ్ళలో పుట్టిన కణానికి పేగు చిరునామా, చర్మం తాలూకు బిళ్ళలో పుట్టిన కణానికి చర్మం చిరునామా. పేగు చీటీ తయారవడానికి విటమిన్ ఏ కావాలి. మునగాకు తినండి అని మా అవ్వ ఇందుకు చెప్పలేదు గానీ, తింటే నష్టం లేదు. (నవ్వులు)

హెచ్‌ఐవీ ఎక్కణ్ణుంచి వస్తుంది? పెద్దవాళ్ళున్నారు, పిల్లలున్నారు, అయినా మొహమాటం లేకుండా చెప్తాను. ఎక్కువగా లైంగిక సంబంధంలో, జననాంగాల లోపలి తడి పొరల గుండా, మలద్వారపు పొర గుండా వస్తుంది. మనం టీకా ఎక్కడ వేస్తున్నాం? భుజానికి. దొంగ పెరటి గోడ దూకి వస్తుంటే వీధి అరుగు మీద కాపలా పెట్టినట్టు.

"అయితే తడి పొరల మీదే వేయొచ్చుగా?" అంటారు. వేయొచ్చు. వేశారు కూడా, కోతుల్లో, కొంతవరకు మనుషుల్లో. రెండు చిక్కులున్నాయి. ఒకటి, నోరు, పేగు, ముక్కు ఇవన్నీ ఓర్పు నేర్చిన చోట్లు. రోజూ తినే అన్నం మీద, పీల్చే దుమ్ము మీద యుద్ధం ప్రకటిస్తే మనిషి బతకడు కనుక, వచ్చినదాన్ని చూసీ చూడనట్టు పోనివ్వడం వాటికి అలవాటు. టీకానూ అలాగే పోనిస్తాయి. ముక్కు మెదడుకు దగ్గర కూడా. స్విట్జర్లాండులో 2000లో ముక్కులో కొట్టే ఫ్లూ టీకా ఒకటి వచ్చింది. కొంతమందికి మూతి ఒక పక్కకు వంకరపోయే జబ్బు వచ్చి దాన్ని వెనక్కి తీసుకున్నారు. అన్ని ముక్కు టీకాలూ అలాంటివని కాదు. మన హైదరాబాదు భారత్ బయోటెక్ వాళ్ళ కోవిడ్ ముక్కు చుక్కలు 2023 జనవరిలో వచ్చాయి, చూశాం.

రెండో చిక్కు హెచ్‌ఐవీదే, మరే జబ్బుకూ లేదు. మామూలుగా టీకా అంటే సైన్యాన్ని సరిహద్దుకు పంపడం. హెచ్‌ఐవీ తినేదే ఆ సైన్యాన్ని! ఆ సైన్యంలోని సీడీ4 టి కణాలు దాని తిండి. అందులోనూ మేలుకుని, ఉత్సాహంగా ఉన్నవంటే దానికి మరీ ఇష్టం. టీకా వేసి అలాంటి కణాల్ని తడి పొరల దగ్గరికి తోలితే, ద్వారం దగ్గర విస్తరి వేసి కూర్చోబెట్టినట్టవుతుంది. ఇది ఊహల్లో భయం కాదు. 2007లో స్టెప్ అనే పరీక్షను మధ్యలోనే ఆపేశారు. జలుబు తెచ్చే అడినోవైరస్ 5 మీద హెచ్‌ఐవీ ముక్కలు ఎక్కించిన టీకా అది. కాపాడలేదు సరికదా, ఆ జలుబు వైరస్‌ను పట్టే ప్రొటీన్లు, అంటే యాంటీబాడీలు, అప్పటికే ఒంట్లో ఉండి సున్తీ లేని మగవాళ్ళలో టీకా వేయించుకున్నవాళ్ళకే హెచ్‌ఐవీ ఎక్కువగా సోకింది. కారణమేమిటని ఏళ్ళ తరబడి వాదించారు. ఆ వార్త వచ్చిన రోజు మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ టీకి కూడా లేవలేదు.

సరే, మంచి కబురు ఒకటి చెప్తాను. మన పక్కనే, వేలూరులో జరిగింది. పోలియో చుక్కలు చాలాసార్లు తాగిన ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో కొందరికి పోలియో సూది ఒక్కటి వేశారు, కొందరికి వేయలేదు. నెల తరవాత అందరికీ మళ్ళీ చుక్కలు పోసి, విరేచనంలో వైరస్ ఎంతమందిలో వస్తోందో చూశారు. సూది వేసిన పిల్లల్లో తగ్గింది. ఇది 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇందులో వింత చూడండి. సూది వేసింది ఒంటికి, బలపడింది పేగు. మరి ఎన్నడూ చుక్కలు తాగని బిడ్డకు అదే సూది వేస్తే పేగులో పెద్దగా ఏమీ ఒరగదు. అంటే ముందు నోటి దారిలో పాఠం నేర్చి ఉంటే, తరవాత సూది దాన్ని గుర్తు చేయగలదు. అసలు నేర్చుకోకపోతే గుర్తు చేయడానికేముంది? హెచ్‌ఐవీ టీకా వాళ్ళు ముందు ఒక దారి, తరవాత ఇంకో దారి అని తంటాలు పడటం వెనక ఉన్న ఆశ ఇదే.

దారి మార్చితే ఎంత తేడా వస్తుందో చెప్పాలంటే క్షయ టీకా బీసీజీని మించింది లేదు. ఇక్కడికి కూతవేటు దూరంలో, పాత చెంగల్పట్టు జిల్లాలో 1968లో ప్రపంచంలోనే అతి పెద్ద బీసీజీ పరీక్ష మొదలైంది. చర్మంలోనే వేశారు, మనందరి భుజం మీదా మచ్చ ఉంది కదా, అదే పద్ధతి. పదిహేనేళ్ళు ఆ ఊళ్ళను వెంటపడి చూశారు. పెద్దవాళ్ళకొచ్చే ఊపిరితిత్తుల క్షయ నుంచి అది కాపాడలేదని తేలింది. పసిపిల్లల్లో మెదడుకు పాకే క్షయను ఆపుతుంది కాబట్టి పుట్టగానే వేస్తూనే ఉన్నాం, అది మానకండి. ఇక 2020కి రండి. అమెరికాలో కోతులకు అదే బీసీజీని నరానికి ఎక్కించారు. పది కోతుల్లో తొమ్మిదింటిని కాపాడింది, ఆరింటిలో క్షయ జాడే కనబడలేదు. చర్మంలో వేసిన కోతుల్లో అలా జరగలేదు. మందు ఇంచుమించు వందేళ్ళ నాటిదే. ఆ పేపరు చదివాక నేను కాసేపు బాల్కనీలో నిలబడ్డాను. చెంగల్పట్టులో ఊరూరూ తిరిగిన ఆరోగ్య కార్యకర్తలు గుర్తుకొచ్చారు. పొరపాటు ఎవరిదీ కాదు. నరానికి బీసీజీ ఎక్కించాలని ఎవరికి తడుతుంది? ఇంటింటికీ తిరిగి ఎక్కించడమూ జరిగే పని కాదు.

ఇప్పుడు కాలం సంగతి.

కోతుల హెచ్‌ఐవీ లాంటిది ఎస్‌ఐవీ. మలద్వారం గుండా దాన్ని సోకించి, మూడో రోజుకే మందులు మొదలుపెట్టారు. అప్పటికి రక్తంలో వైరస్ కనబడటం కూడా మొదలవలేదు. ఆరు నెలలు మందులిచ్చి ఆపితే, వైరస్ మళ్ళీ లేచింది. అంటే మూడు రోజుల లోపే ఎక్కడో దాక్కుంది. పచ్చకామెర్ల లాంటివి వస్తే మన శరీరానికి కొంత గడువుంటుంది, పాత జ్ఞాపకాల్ని తట్టి లేపుకోవడానికి. హెచ్‌ఐవీ ఆ గడువివ్వదు. జ్ఞాపకం ఉంటే చాలదు, యాంటీబాడీ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉండాలి. కాబట్టి "టీకా వేసిన నెలకు రక్తంలో ఎంత ఉంది" అన్న లెక్క మనకు పెద్దగా పనికిరాదు. మూడేళ్ళ తరవాత, తడి పొర మీద, ఎంత ఉంది? అదీ లెక్క. ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. దశాబ్దాల పాటు మేం అందరం రక్తంలో కొలిచాం, ఎందుకంటే రక్తం తీయడం సులువు. తడి పొరల నమూనా ఇమ్మంటే వాలంటీరు మళ్ళీ రాడు. లాంతరు వెలుగున్న చోటే పోయిన ఉంగరం వెతికాం.

థాయిలాండులో ఆర్‌వీ 144 అనే పరీక్ష జరిగింది. 16 వేల మందికి పైగా జనం. 0, 1, 3, 6 నెలల్లో సూదులు. మొదటి రెండుసార్లు ఒక టీకా, చివరి రెండుసార్లు దానికి తోడు ఇంకోటి. 2009 సెప్టెంబరులో ఫలితం చెప్పారు: మూడున్నరేళ్ళకు 31.2 శాతం రక్షణ. అప్పటిదాకా హెచ్‌ఐవీ టీకాలో సున్నా తప్ప ఏ అంకే చూడని మాకు అది పండగ. తరవాత విడదీసి చూస్తే, మొదటి ఏడాది చివరికి రక్షణ దాదాపు 60 శాతం ఉంది! మరి ఏమైపోయింది? కారిపోయింది. చిల్లు కుండలో నీళ్ళలాగా. అందుకని కొందరికి ఆరు, ఎనిమిదేళ్ళ తరవాత మళ్ళీ బూస్టరు వేసి చూశారు. యాంటీబాడీలు మొదటిసారి కంటే పైకి ఎగశాయి. తరవాత అవీ దిగిపోయాయి.

ఆ థాయి టీకానే దక్షిణాఫ్రికాకు తగినట్టు మార్చి, బూస్టర్లు పెంచి, 5,400 మందికి పైగా వేశారు. 2020 ఫిబ్రవరిలో ఆపేశారు. టీకా వేసినవాళ్ళలో 129 మందికి, వేయనివాళ్ళలో 123 మందికి హెచ్‌ఐవీ. ఆ రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇక వేరే మాట అక్కర్లేదు.

మన చెన్నై మాట మర్చిపోతానేమో. ఈ దేశంలో హెచ్‌ఐవీ మొట్టమొదట బయటపడిందే ఇక్కడ, 1986లో. సెంట్రల్ స్టేషన్ దగ్గర మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలోమన్, ఆవిడ విద్యార్థిని నిర్మల. రక్తం నమూనాలు సేకరించి, వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పట్టుకెళ్ళి పరీక్ష చేయించారు. ఇరవై ఏళ్ళ తరవాత, 2006లో, చేట్‌పట్‌లో ఉన్న క్షయ పరిశోధన కేంద్రంలో హెచ్‌ఐవీ టీకా తొలి దశ పరీక్ష జరిగింది. 32 మంది వాలంటీర్లు. అందులో హెచ్‌ఐవీ ముక్కల్ని మోసుకెళ్ళే వాహకం ఏమిటో తెలుసా? ఎంవీఏ, అంటే మశూచి టీకా వైరస్సే, కోడి పిండ కణాల్లో ఐదొందల సార్లకు పైగా పెంచి పెంచి కోరలు పీకేసినది. ఒకప్పుడు గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో మశూచి టీకా తయారు చేసిన ఊరు ఇది. మశూచి టీకాను కొన మీద రెండు పళ్ళున్న సూదితో చర్మం మీద పొడిచి పొడిచి వేసేవాళ్ళు. దాని తమ్ముడైన ఎంవీఏని మాత్రం కండకి వేశారు. తరవాత 2009లో పుణె, చెన్నై కలిసి ఇంకో పరీక్ష చేశాయి, ముందు డీఎన్‌ఏ టీకా, ఆపైన ఎంవీఏ ఒక జట్టుకు, ఒట్టి ఎంవీఏ ఇంకో జట్టుకు. ప్రమాదం లేదని తేలింది, టి కణాలు పలికాయి. కాపాడుతుందా అన్నది ఆ చిన్న పరీక్షల్లో తేలే విషయం కాదు. ఆ వాలంటీర్ల పేర్లు ఎవరికీ తెలియవు, తెలియకూడదు కూడా. ఇంట్లో చెబితే "నీకేం రోగం, ఆ సూది నీకెందుకు" అని అడిగే ఊళ్ళో వాళ్ళు చెయ్యి చాపారు.

ఇప్పుడు ఎక్కువ ఆశ ఉన్నచోటికి వస్తాను. ఇక్కడ సంగీతం నేర్చుకున్నవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. అబ్బో! మార్గళి సీజనులో సభలు నిండటం మీవల్లేనన్నమాట.

పిల్లను మొదటి రోజే కూర్చోబెట్టి పంచరత్న కీర్తన పాడమంటే ఏమవుతుంది? ఏడ్చి ఇంటికెళ్ళిపోతుంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతం, వర్ణం, అప్పుడు కీర్తన. హెచ్‌ఐవీ రకరకాల రూపాలన్నింటినీ పట్టగల యాంటీబాడీలు కొన్ని ఉన్నాయి. జబ్బు సోకిన వాళ్ళలో కొద్దిమందికి, ఏళ్ళు గడిచాక తయారవుతాయి. అవి మహా విద్వాంసులు. వాటికి మొదలైన తొలి కణం పుట్టుకతో ఏమీ రాని పసిపిల్ల, పైగా అరుదు. ఒక రకం తీసుకుంటే, యాంటీబాడీలు తయారుచేసే మన బి కణాల్లో సుమారు మూడు లక్షలకు ఒకటి. ఇన్నాళ్ళూ మనం టీకాతో నేరుగా కీర్తన మొదలుపెట్టాం. ఆ పిల్లకు వినపడనే లేదు, పక్కనున్న పనికిమాలిన కణాలన్నీ అందుకున్నాయి. ఇప్పుడు సరళీ స్వరాల్లాంటి ప్రొటీన్ ఒకటి చేశారు, ఆ పసి కణాన్ని మాత్రమే పిలిచేది. 48 మందితో పరీక్ష. టీకా పొందిన 36 మందిలో 35 మందిలో ఆ కణాలు మేలుకున్నాయి. 2022 చివర్లో సైన్స్ పత్రికలో వచ్చింది. సరళీ పలికింది. ఆ తరవాత ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలతో అమెరికాలోనూ ఆఫ్రికాలోనూ పరీక్షలు చేశారు, అమెరికాలో జంట స్వరాలు కూడా మొదలుపెట్టారు. కొందరికి చర్మం మీద దద్దుర్లొచ్చాయి, మిగతా ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల్లో కంటే ఎక్కువగా. అదెందుకో తేలాలి.

ఇందులో కాలం ఎక్కడుందంటే, ఒక పాఠం వంటపట్టకముందే రెండోది చెప్పకూడదు. ఈ బడి నడిచేది ఆ బిళ్ళలోనే. జర్మినల్ సెంటర్ అంటారు. టీకా ఒక్కసారిగా వేస్తే బడి కొన్ని వారాలు నడిచి మూతపడుతుంది. కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు కోతులకు ఒకే మోతాదును ఏడు ముక్కలు చేసి, 12 రోజుల్లో, రోజురోజుకూ పెంచుతూ ఇచ్చారు. అసలు జబ్బు వచ్చినప్పుడు వైరస్ అలాగే కదా పెరుగుతుంది! బడి ఆరు నెలలకు పైగా తెరిచే ఉంది. మందు అదే, మొత్తం మోతాదూ అంతే. ఏడుసార్లు క్లినిక్‌కు ఎవరొస్తారండీ, చెన్నై ట్రాఫిక్‌లో? అందుకని ఎమ్‌ఐటీ వాళ్ళు ఎలకల్లో రెండు ముక్కలతో చూశారు. మొదట 20 శాతం, వారం తరవాత మిగతా 80. అదీ బాగా పనిచేసింది. మొదటి చిన్న ముక్కకు పుట్టిన కొద్దిపాటి యాంటీబాడీలు రెండో పెద్ద ముక్కను పట్టుకుని, చెడిపోకుండా బడిలోకి మోసుకెళ్తాయి. పెళ్ళికి ముందే నలుగురు చుట్టాలు వచ్చి పందిరి వేసినట్టు. ఎలక మనిషి కాదు, ఇది గుర్తుంచుకుని వినండి.

నా మాట అయిపోయింది. అడగండి.

శ్రోత: అమ్మా, నమస్కారం. రెండో డోసు అదే చేతికి వేయించుకోవాలా, ఇంకో చేతికా?

మంచి ప్రశ్న. చిరునామా కథ ప్రకారం అదే చేతికి వేస్తే అదే బిళ్ళ, నడుస్తున్న బడి, త్వరగా అందుకోవాలి. కోవిడ్ టీకాలతో చూసిన పరీక్షలు రెండు రకాలుగానూ వచ్చాయి, ఒకచోట అదే చెయ్యి గెలిచింది, ఇంకోచోట మారు చెయ్యి. నేనయితే ఎడమ చేతికే. కుడిచేత్తో చపాతీ పిండి కలపాలి. (నవ్వులు)

శ్రోత: డాక్టరమ్మా, నేను నర్సింగు చదువుతున్నాను. టీకా లేదంటున్నారు. అప్పటిదాకా ఏం చెప్పాలి మా పేషెంట్లకు?

బంగారు తల్లీ, ఆ ప్రశ్నే రావాలని చూస్తున్నా. కండోమ్ ఉంది, పరీక్ష ఉంది, జబ్బున్నవాళ్ళకు రోజూ మాత్ర ఉంది. మాత్ర సరిగ్గా వేసుకుని రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గితే వాళ్ళ నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదు. ఇది మొహమాటపడకుండా చెప్పు. ఇక కొత్తది, లెనకాపవిర్. టీకా కాదు, మందు. ఆరు నెలలకోసారి సూది. 2024లో ఆఫ్రికాలో రెండు వేల మందికి పైగా ఆడపిల్లలకు వేస్తే ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. టీకా కోసం మేం వెతుకుతున్న "గుమ్మంలో ఎప్పుడూ నిలబడి ఉండటం" అన్న పనిని ఆ మందు చేస్తోంది, ఆరు నెలల చొప్పున. దీని చౌక రకాన్ని చేయడానికి మన హైదరాబాదు కంపెనీలు, డాక్టర్ రెడ్డీస్, హెటిరో, ఒప్పుకున్నాయి. ఏడాదికి 40 డాలర్లకు, 2027 నుంచి.

ఎక్కడ వేస్తారని అడగలేదేం? తోలు కింద, పొట్టకి. బొడ్డుకు కాస్త ఎడంగా. మా అవ్వ ఉండుంటే మళ్ళీ ఆ కాంపౌండర్‌ని నిలబెట్టేది.